కరెంటు పెట్టె: ఇంటింటికా, సంఘమునకా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతుకుటుంబములలో విద్యుత్తుతో నిమిత్తము లేని పని నేడు మిక్కిలి అరుదు. పిండి రుబ్బుట, నీరు తోడుట, పసులకు గడ్డి తఱుగుట, పట్టుపురుగుల ఇంట గాలి ఆడించుట, పిల్లలు రాత్రివేళ చదువుకొనుట, ఇవియన్నియు తీగపై వచ్చు శక్తినే ఆశ్రయించి యున్నవి. గాలివానకు స్తంభము కూలిననాడును, ట్రాన్స్‌ఫార్మరు కాలిననాడును, మరమ్మతుకై సరఫరా నిలిపిననాడును ఇల్లంతయు ఒక్కమాఱుగా చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చుచున్నది. ఈ యిబ్బందిని కనిపెట్టిన వర్తకులు 'పోర్టబుల్ పవర్ స్టేషన్' అను పేరున ఒక పెట్టెను విరివిగా ప్రకటించుచున్నారు. మన పల్లెలలో దీనిని కరెంటు పెట్టె యనుట సులభము గనుక మేమును ఆ పేరే వాడెదము. ఇంటి పనిముట్లన్నిటిని ఇదొక్కటే నడుపునని విని, అప్పుచేసియైనను కొనవలెనని కొందఱు సభ్యులు ఉత్సాహపడుచున్నారు. ఆ యుత్సాహమునకు ముందు కొంత లెక్క అవసరము.

మా అభిప్రాయమును మొదటనే స్పష్టముగా చెప్పుచున్నాము. అధిక శక్తి నిచ్చు కరెంటు పెట్టె మంచి సాధనమే. కాని అది ఇంటింట కొనదగిన వస్తువు కాదు. సామాన్య గృహమునకు కావలసినది అంతకంటె చిన్నది, చవుకైనది. పెద్ద పెట్టెతో తీఱవలసిన పనులు ఏడాదిలో కొన్ని దినములే వచ్చును. కావున దానిని సహకార సంఘము కొని, సభ్యులకు అద్దెకిచ్చుట యుక్తము. ఇందుకు కారణములను అంకెలతో చూపెదము. ఒప్పుకొనుటయు త్రోసివేయుటయు చదువరుల యిష్టము.

తూము, చెఱువు

పెట్టెపై అచ్చువేసిన అంకెలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి వాట్లు, రెండవది వాట్-గంటలు. ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే కొనువారు తఱచుగా మోసపోవుచున్నారు. మన రైతులకు చెఱువు తెలియును, తూము తెలియును. చెఱువులో నిలిచియున్న నీరెంతయో అది వాట్-గంటల సంఖ్య. తూము ఒక్కమాఱుగా ఎంత నీటిని విడువగలదో అది వాట్ల సంఖ్య. తూము పెద్దదై చెఱువు చిన్నదైనచో కాలువ నిండుగా పాఱి గడియలో ఆగిపోవును. చెఱువు పెద్దదై తూము చిన్నదైనచో నీరుండియు మడి తడియదు. 'హై అవుట్‌పుట్' అని పెద్ద అక్షరములతో ప్రకటించునది తూము కొలత మాత్రమే. చెఱువు కొలతను కొనువాడే వెదకి చూచుకొనవలెను.

వాట్-గంట యనునది మనకు క్రొత్త కొలత కాదు. ఇంటి మీటరుపై ఒక యూనిట్టు తిరిగినదనిన 1000 వాట్-గంటలు ఖర్చైనవని యర్థము. కావున 2000 వాట్-గంటల పెట్టెలో పట్టునది రెండు యూనిట్లు. గృహస్థుని కరెంటు బిల్లులో అది ఇరువది రూపాయలకు మించని సరకు. దానిని దాచుకొను పెట్టెకు మాత్రము లక్షరూపాయలను సమీపించు, ఒక్కొక్కప్పుడు దానిని దాటు మూల్యము నీయవలసి యుండును. పెట్టె విద్యుత్తును పుట్టించునది కాదు, దాచునది మాత్రమే. గాదె ధాన్యమును పండింపదు గదా!

చిన్న పెట్టెలు అమ్మువారిలో కొందఱు వాట్-గంటలకు బదులు మిల్లీ ఆంపియర్-గంటలలో చెప్పుదురు. 50,000 అను సంఖ్య చెవిని పడగానే కొనువాని మనస్సు కరగును. కాని 3.7 వోల్టుల బ్యాటరీ లెక్కన అది 185 వాట్-గంటలే. మార్పిడిలో పోవునది పోగా, ఒక సాధారణ ఫ్యానును రెండు గంటలు తిప్పుటకు చాలును, అంతే. అట్లే 'పీక్', 'సర్జ్' అను మాటలతో వ్రాసిన వాట్లు కొన్ని క్షణములు మాత్రమే నిలుచునవి. ఎడతెగక ఇయ్యగల వాట్లెన్ని అని అడిగి, దానినే నమ్మవలెను.

ఇంటి జాబితా

కొనదలచినవాడు దుకాణమునకు పోకముందు కాగితము, కలము తీసికొని ఇంట కూర్చుండవలెను. ఇల్లాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మఱింత మంచిది. ఏ పనిముట్టు ఏ వేళ ఎంతసేపు నడుచునో ఆమెకు తెలిసినట్లు మగవానికి తెలియదు. ప్రతి పనిముట్టుపైనను వాట్లు వ్రాసియుండును. సామాన్యముగా ఎల్.ఇ.డి. దీపమునకు 9 వాట్లు, పాతరకపు సీలింగు ఫ్యానుకు 75, బి.ఎల్.డి.సి. రకపు ఫ్యానుకు 30, చిన్న టెలివిజనుకు 50, బల్లపై నుంచు గ్రైండరుకు 150, మిక్సీకి 500 మొదలు 750 వఱకు పట్టును. ఒంటి తలుపు ఫ్రిజ్జు నడుచునపుడు 120 వాట్లు తీసికొనును గాని, ఎల్లప్పుడును నడువక ఆగి ఆగి నడుచును గనుక సగటున గంటకు 50 వాట్-గంటలుగా లెక్కింపవచ్చును.

ఒక కుటుంబమును తలంతము. రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయినదనుకొందము. పాతరకపు ఫ్యానులు రెండు నాలుగు గంటలు తిరిగిన 600 వాట్-గంటలు. దీపములు నాలుగు వెలిగిన 144. టెలివిజను రెండు గంటలకు 100. ఫ్రిజ్జుకు 200. మొత్తము 1044. పెట్టెలోని బ్యాటరీ విద్యుత్తును ఇంటి విద్యుత్తుగా మార్చునపుడు నూటికి పదునైదు పాళ్లు వేడిగా పోవునని లెక్కించిన, కావలసిన నిలువ సుమారు 1230 వాట్-గంటలు.

ఇప్పుడు ఆ రెండు ఫ్యానులను మాత్రము బి.ఎల్.డి.సి. రకమునకు మార్చి చూతము. 600 పోయి 240 వచ్చును. మొత్తము 684, కావలసిన నిలువ సుమారు 805. ఫ్యానులు మార్చుటకైన ఖర్చు కొన్ని వేల రూపాయలు. అంత నిలువను పెట్టెలో అదనముగా కొనవలెనన్న అంతకు అనేక రెట్లు పెట్టవలెను. పైగా క్రొత్త ఫ్యాను కరెంటు ఉన్ననాడు కూడ బిల్లును తగ్గించును; పెట్టెయో, కరెంటు పోయిననాడు మాత్రమే పనికివచ్చును. కావున మొదట ఇంటిలోని దుబారాను మాన్పి, తరువాత పెట్టె మాట తలపెట్టుట వివేకము. చిల్లికుండకు నీరు పోయుటకంటె చిల్లిని పూడ్చుట మేలు.

వేడి పుట్టించునవి, మోటారు గలవి

జాబితాలో రెండు తరగతుల పనిముట్లను వేఱుగా గుఱుతు పెట్టవలెను. మొదటివి వేడి పుట్టించునవి. ఇస్త్రీపెట్టెకు 1000 వాట్లు, అన్నము వండు కుక్కరుకు 700, ఇండక్షన్ పొయ్యికిని నీటి గీజరుకును 2000 వఱకు పట్టును. 2000 వాట్-గంటల పెట్టెపై ఇండక్షన్ పొయ్యిని పూర్ణశక్తితో వెలిగించినచో గంట గడువకముందే పెట్టె ఖాళీయగును. అట్టి పనులకు గ్యాసును కట్టెలును ఉండనే యున్నవి. వంటకై పెద్ద పెట్టె కొనుట బంగారు పళ్లెరముతో పేడ ఎత్తుట వంటిది.

రెండవవి మోటారు గలవి. మోటారు తిరుగుటకు ఎంత శక్తి కావలెనో, కదలుటకు దానికి అనేక రెట్లు కావలెను. నిలిచియున్న బండిని కదలించుటకు ఎద్దులు మెడలు వంచి లాగును. కదలిన పిమ్మట సులువుగా నడుచును. మోటారును అట్టిదే. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. పాలు పితుకు యంత్రమునకు ఒక అశ్వశక్తి మోటారున్నచో తిరుగునపుడు సుమారు 1000 వాట్లు, కదలునపుడు కొన్ని క్షణములపాటు దానికి మూడు నాలుగు రెట్లును కావలసివచ్చును. 2000 వాట్ల పెట్టె ఆ క్షణమున తట్టుకొనలేక తనంతట తానే ఆగిపోవచ్చును. కావున ఏ మోటారుకై పెట్టె కొనుచున్నారో ఆ మోటారును దానిపై నడిపి చూపిన పిమ్మటనే రూకలు చెల్లింపవలెను. కొన్ని పెట్టెలు తమ శక్తికి మించిన పనిముట్టును తగిలించినపుడు వోల్టేజి తగ్గించి నడుపును. ఇస్త్రీపెట్టె అట్లు తక్కువ వేడితో నడచిపోవును. మోటారు మాత్రము వేడెక్కి చెడును.

ఇక బోరు మోటారు సంగతి. దీనిని గుఱించియే రైతులు ఎక్కువగా అడుగుచున్నారు. మన మెట్టప్రాంతపు బోర్లు మిక్కిలి లోతైనవి. మోటారులు 5 అశ్వశక్తులకు తక్కువ కాకుండ, తఱచుగా అంతకు మించియు నుండును. 5 అశ్వశక్తులనగా 3730 వాట్లు. అదియు మూడు ఫేజుల సరఫరా. కరెంటు పెట్టె ఇచ్చునది ఇంటికి వచ్చునట్టి ఒక్క ఫేజు. కావున పొలము తడుపుటకు ఈ పెట్టె పనికిరాదు. పనికివచ్చునని ఎవరైన చెప్పినచో ఆ మాటను వినక లేచి వచ్చుట మంచిది. పుంగనూరు ఆవు పొట్టిది. కొద్దిపాటి మేతతో ఇంటికి పాలిచ్చును. ఒంగోలు ఎద్దు పెద్దది. నాగలికిని బండికిని పూనును. పొట్టి ఆవును నాగలికి కట్టుటయు, ఇంటి పాలకొఱకు పెద్ద ఎద్దును మేపుటయు ఒక్క తీరు తెలివితక్కువయే.

లోపలి సరకు

పెట్టె లోపల బ్యాటరీ, దాని విద్యుత్తును 230 వోల్టుల ఇంటి విద్యుత్తుగా మార్చు ఇన్వర్టరు, చార్జరు, ఇవి హద్దు మీఱకుండ కాచు ఒక కావలి యంత్రాంగము ఉండును. వీనిలో విలువ యంతయు బ్యాటరీదే. సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశమున ప్లాంటే అను శాస్త్రజ్ఞుడు 1859లో కనిపెట్టెను. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో జపానునుండి బజారులోనికి వచ్చెను. దానికి పునాది వేసిన గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ గుడ్‌ఎనఫ్ గారును, పాఢి, నంజుండస్వామి అను సహచరులును కలిసి 1997లో ప్రకటించిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకమే నేడు గృహోపయోగమునకు మేలైనదిగా ఎన్నబడుచున్నది.

దీనినే వర్తకులు ఎల్.ఎఫ్.పి. అందురు. నికెలు, కోబాల్టు కలిసిన రకము బరువు తక్కువ. కాని సామాన్యముగా కొన్ని వందల మాఱులు నింపి వాడిన పిమ్మట శక్తి సన్నగిల్లును. ఎల్.ఎఫ్.పి. రకము 3000 మాఱులును, అంతకు మించియు నడుచును. వేడికి త్వరగా మండిపోదు. 2000 వాట్-గంటల పెట్టె 20 కిలోలకు పైబడి తూగును గనుక, మోయుటకు తేలికయను ఆశతో తక్కువ మన్నిక గల రకమును కొనరాదు. పెట్టె ఇచ్చు విద్యుత్తు 'ప్యూర్ సైన్ వేవ్' అయియుండవలెను. అట్లు కానిచో ఫ్యాను గుంయిమని మ్రోయును, మోటారు వేడెక్కును, సున్నితమైన వైద్యపరికరములు చెడును.

కొనునపుడు రసీదు, వారంటీ పత్రము, భారత ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 16046 రిజిస్ట్రేషను గుఱుతు అడిగి చూడవలెను. మరమ్మతు చేయువారు ఎక్కడ నున్నారో ముందే తెలిసికొనవలెను. బరువైన లిథియం బ్యాటరీని పార్సెలులో పంపుట సులభము కాదు. ఎంత ప్రసిద్ధమైన కంపెనీ సరకైనను, మరమ్మతు కేంద్రము వందల మైళ్ల దూరముననున్నచో మన కది సగము వస్తువే. చెడిన బ్యాటరీని పెంటకుప్పపై వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమములచే దానిని తిరిగి సేకరింపజేయు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది.

సోలారు పలకలు

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 2024లో ఆరంభమయ్యెను. ఇంటికప్పుపై ఒక కిలోవాటునకు 30,000 రూపాయలు, రెంటికి 60,000, మూడు కిలోవాట్లు మొదలు 78,000 రూపాయలు కేంద్రము సహాయముగా నిచ్చు ఏర్పాటది. 2025 జనవరిలో కుప్పము ప్రాంతమందలి నడిమూరు గ్రామమున ఇంటింట సోలారు పలకల ప్రయోగమును ముఖ్యమంత్రి ప్రారంభించిరి. ఇది శ్లాఘనీయమైన కార్యము. కాని యిందు ఒక అపోహ గలదు. కప్పుపై పలకలున్నవి గనుక ఇక కరెంటు పోయినను చింతలేదని పలువురు అనుకొనుచున్నారు. లైనుతో కలిపిన పలకలు లైనులో కరెంటు పోగానే తామును ఆగిపోవును. అది లోపము కాదు, కావలెనని చేసిన ఏర్పాటు. ఆగనిచో పలకల విద్యుత్తు తీగలోనికి ప్రవహించి, స్తంభముపై మరమ్మతు చేయుచున్న లైన్‌మను ప్రాణము తీయును. కరెంటు లేనివేళ కూడ వెలుగు కావలెనన్న బ్యాటరీతో కూడిన వేఱు ఏర్పాటు ఉండవలెను.

కరెంటు పెట్టెను విడి పలకతో నింపుకొనవచ్చును. 400 వాట్ల పలక మంచి యెండ కాయుదినమున 1500 వాట్-గంటల వఱకు ఇయ్యగలదు. మబ్బుపట్టిన దినమున అందు కొంత పాలు మాత్రమే. పలక కొనుటకు ముందు దాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజిని, పెట్టె తాళగల వోల్టేజిని పోల్చి చూడవలెను. పెద్ద పలకలకు ఒక్కొక్కదానికి 50 వోల్టుల వఱకు నుండును. రెంటిని వరుసగా కలిపినచో నూఱు వోల్టులగును. 60 వోల్టులే తాళు పెట్టెకు దానిని తగిలించినచో లోపలి చార్జరు కాలిపోవును. వారంటీయు దానితోడనే పోవును.

నిలుకడ యింటికి ఇన్వర్టరు

కరెంటు పెట్టె ప్రత్యేకగుణము ఎక్కడికైనను మోసికొనిపోగలుగుట. ఇంటిలో ఒకచోట నిలిచియుండు అవసరమునకు ఆ గుణముతో పని లేదు. 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ, దానితో గూడిన ఇన్వర్టరు మన పల్లెలకు పాత చుట్టములే. బ్యాటరీ 12 వోల్టులది గనుక దాని నిలువ 1800 వాట్-గంటలు. చాలకాలము మన్నవలెనని అందు సగమే వాడినను 900 దక్కును. పైన చెప్పిన కుటుంబము ఫ్యానులు మార్చుకొన్నచో దానికి కావలసినది 805 మాత్రమే గదా! దీని ఖర్చు పెద్ద కరెంటు పెట్టె ధరలో సుమారు నాలుగవ వంతు. సీసపు బ్యాటరీలు మన తిరుపతి చెంత కరకంబాడి కర్మాగారములోనే తయారగుచున్నవి. బాగుచేయువారు ప్రతి పట్టణమునను గలరు. బ్యాటరీకి వేళకు డిస్టిల్డు వాటరు పోయవలెను, గాలి యాడుచోట నుంచవలెను. ఈ రెండు శ్రద్ధలు చాలును. కావున ఫ్యాను, దీపము, ఫ్రిజ్జు అను మూటికై పెద్ద పెట్టెను అప్పుచేసి కొనుట అప్పుచేసి పప్పుకూడు తినుటయే యగును.

సంఘము చేయదగినది

అట్లని పెద్ద పెట్టె వ్యర్థమని మేము చెప్పుట లేదు. పట్టుపురుగులు ఐదవ దశలో మేయుచుండగా ఇంటిలో గాలి ఆగి వేడి హెచ్చినచో నెలనాళ్ల శ్రమ నేలపాలగును. వానికి 24 మొదలు 28 డిగ్రీల లోపల వేడిమియే హితము. ఇంట ఒకరు శ్వాసరోగముతో ఆక్సిజన్ యంత్రముపై నున్నచో కరెంటు పోవుట ప్రాణసంకటమే. అట్టి యంత్రమునకు సుమారు 350 వాట్లు పట్టును గనుక 2000 వాట్-గంటల పెట్టె దానిని నాలుగు గంటలకు పైగా నడుపగలదు. పాడిపసులు ఈనిన రాత్రి కొట్టములో వెలుగు, గాలివాన పిమ్మట రెండు దినములు కరెంటు రానపుడు ఊరందఱి సెల్‌ఫోనుల చార్జింగు, పొలముగట్టుపై చిన్న మరమ్మతు పనులు, ఇవన్నియు మోసికొనిపోవు పెట్టెతోడనే తీఱవలసిన అవసరములు. కాని ఇవి ఒక్కొక్క యింటికి ఏడాదిలో ఎన్ని దినములు వచ్చును?

ఉదాహరణకు లెక్క చూతము. పెట్టె ధర 1,20,000 రూపాయలనియు, ఎనిమిదేండ్లు మన్నుననియు అనుకొందము. ఏటికి 15,000 రూపాయల తరుగు. ఒక రైతు దానిని ఏడాదికి పది దినములు వాడినచో దినమునకు 1500 రూపాయలు పడినట్లు. సంఘము కొని ఏడాదికి నూఱు దినములు అద్దెకిచ్చినచో దినమునకు 150 మాత్రమే. మరమ్మతు నిధికి 50 కలిపినను 200 రూపాయలు. పైగా లిథియం బ్యాటరీ వాడినను వాడకున్నను ఏండ్లు గడచినకొలది ముసలిదగును. మూలపడి ముసలియగుటకంటె పదుగురికి పనికివచ్చి అరిగిపోవుట ధర్మము గదా!

'ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె' నని కొందఱు ఆక్షేపింపవచ్చును. గొఱ్ఱె పుచ్చినది ఉమ్మడి యగుటచేత కాదు, కాపరి లేకపోవుటచేత. కరెంటు పెట్టెకు ఒక బాధ్యుడు, ఒక పుస్తకము, ఒక ధరావతు, తిరిగి ఇచ్చునపుడు పూర్తిగా నింపి ఇయ్యవలెనను నియమము ఉండవలెను. రోగి యున్న యింటికి మొదటి హక్కు, పట్టుపురుగుల యింటికి రెండవ హక్కు, వేడుకలకు చివరి హక్కు. కరెంటు పోయినపుడు ఊరంతటికి ఒక్కసారియే పోవును, ఒక్క పెట్టె ఎందఱికి చాలునని మఱికొందఱు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. అందుచేతనే ఫ్యాను దీపములకు ఎవరి యింట వారు చిన్న ఇన్వర్టరు ఏర్పఱచుకొనవలెనని చెప్పితిమి. రోగము, పట్టుపురుగుల చివరి దశ, ఈత, ఇవి ఇంటింటికి ఒకే దినమున రావు. వచ్చిన దినమున పెట్టె దొరకిన చాలును.

ఇది మన ప్రాంతమునకు అపూర్వమైన ఆలోచన కాదు. కావేరిపై శివసముద్రమున పుట్టించిన విద్యుత్తు 1902లో సుమారు 150 కిలోమీటర్లు తీగపై నడచి కోలారు బంగారు గనులకు చేఱెను. ఆ గనులు కుప్పమునకు చెంతనే యుండినను, పల్లెలకు వెలుగు వచ్చుటకు చాలకాలము పట్టెను. పిమ్మట కుప్పము పల్లెలకు కరెంటు పంచుటలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే పూనిక వహించినది. సిరిసిల్లలో 1970లోనే అట్టి సంఘము వెలసినది. తీగలను స్తంభములను కలిసి నిలిపిన రైతులకు ఒక పెట్టెను కలిసి కాపాడుకొనుట అసాధ్యమా?

జాగ్రత్తలు

పెట్టె సంఘమునదైనను సొంతమైనను ఈ నియమములు తప్పరాదు. పెట్టెనుండి వచ్చు తీగను ఇంటి గోడలోని సాకెట్టునకు గ్రుచ్చి ఇల్లంతటికి కరెంటు ఎక్కింపరాదు. అది బయటి తీగలోనికి పాఱి లైన్‌మనును చంపవచ్చును, కరెంటు తిరిగి వచ్చినపుడు పెట్టెయు కాలవచ్చును. పనిముట్లను నేరుగా పెట్టెకే తగిలింపవలెను. మన మూడు ప్రాంతములు ఎత్తైన పీఠభూమిపై నుండుటచే కొంత చల్లదన మున్నను, వేసవిలో రేకుల షెడ్డు క్రింద పెట్టెను ఉంచరాదు. తడి నేలపై నిలుపరాదు. ఉబ్బినట్లు గాని వాసన వచ్చుచున్నట్లు గాని తోచినచో వెంటనే వాడుక మాని, ఇంటి బయట గాలి యాడుచోట నుంచి, మరమ్మతువారికి తెలుపవలెను. వాడక యుంచునపుడు సగమునకు కొంచెము పైగా నింపి యుంచి, మూడు నెలల కొకమాఱు తిరిగి నింపుచుండవలెను.

సభ్యులకు మా మనవి యిది. మీ యింటి పనిముట్ల పేరులు, వాట్లు, వాడు గంటలు ఒక కాగితముపై వ్రాసికొని రాబోవు సర్వసభ్య సమావేశమునకు రండు. అచ్చట అందఱి కాగితములను ఒకచోట చేర్చి చూచినపుడు ఎవరికి ఫ్యాను మార్చిన చాలునో, ఎవరికి ఇన్వర్టరు కావలెనో, సంఘమునకు ఎన్ని వాట్ల పెట్టె తగునో దానంతట అదియే తేలును. అంతవఱకు పెట్టెకై ఎవరును అప్పునకు సంతకము చేయకుందురు గాక. వాన నమ్మి పంట వేయు రైతు, ప్రకటన నమ్మి రుణము చేయవలసిన పని లేదు. వాన కొలత మన చేతిలో లేదు. వాట్ల కొలత మన చేతిలోనే యున్నది.